మేకర్ ఒక్కతే, చెకర్లు పదిమంది

(నాగపూర్‌లోని మన తెలుగు సిబ్బంది కుటుంబాల కార్తీక వనభోజనాల సందర్భంగా ఒక యువ అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)

 

‘యువ ఉద్యోగులు – లక్ష్య సాధన’ అన్న అంశం మీద మాట్లాడమని నాకు చీటీ ఇచ్చారు. ప్రస్తుతం నా లక్ష్యం ఒక్కటేనండి, మా ఊళ్లో నా పెళ్లి జాకెట్లు కుడుతున్న ఆయన చేత ఫోను ఎత్తించడం. అందుకని అధ్యక్షుల వారి అనుమతితో అంశం కొంచెం మార్చుకుంటున్నాను. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఉన్న ఉద్యోగస్తురాలి రోజులు ఎలా గడుస్తాయో చెబుతాను. ఇక్కడున్న అక్కల్లో చాలామంది ఆ దారిన వచ్చినవారే. కొందరి ఇళ్లలో ఆడపిల్లలు ఇంకో రెండు మూడేళ్లలో ఆ దారిలోకి వస్తారు. మగపిల్లలున్న తల్లిదండ్రులు మాత్రం కాస్త ఎక్కువ శ్రద్ధగా వినాలని మనవి.

మాది తెనాలి. ఉద్యోగం ఇక్కడ, ఇది మూడో ఏడు. కాబోయే ఆయనది ఖమ్మం, ఉద్యోగం హైదరాబాదులో. శ్రావణంలో తాంబూలాలు మార్చుకున్నారు. మాఘంలో పెళ్లి అనుకుంటే ఈసారి శుక్ర మూఢం ఆ నెలను దాదాపు మొత్తం మింగేసింది. ముహూర్తం మార్చి మొదటి వారానికి వెళ్లింది. మార్చి అనగానే మీరంతా నవ్వుతున్నారు. ఊళ్లోవాళ్లకు మార్చి అంటే మామిడి పిందెలు, మనకు ఇయర్ క్లోజింగ్. మా మేనేజరు గారు శుభాకాంక్షలు చెప్పి, అదే నోటితో “పండిట్‌జీతో ఇంకొక్కసారి మాట్లాడి చూడు బేటా” అన్నారు.

మరాఠీలో నిశ్చితార్థాన్ని ‘సాఖర్‌పుడా’ అంటారు. చక్కెర పొట్లం అని అర్థం. బ్రాంచిలో అందరికీ స్వీట్లు పంచాను. ఆ రోజు నుంచి పింఛను తీసుకోవడానికి వచ్చే తాతగార్లు కూడా పాస్‌బుక్కు చేతికిస్తూ “లగ్న్ కధీ?” అని అడుగుతున్నారు. పెళ్లెప్పుడు అని. వాళ్ల అభిమానం నాకు ఇష్టమే. ‘పెళ్లెప్పుడు’ అని అడిగేవారికీ ‘ఎలా ఉన్నావు’ అని అడిగేవారికీ మధ్య తేడా మాత్రం ఈ నెలల్లోనే బాగా తెలిసింది.

ముందు ప్రయాణాల సంగతి. చీరల ఎంపికకు ఒకసారి, జాకెట్ల కొలతలకు ఒకసారి, బంగారానికి ఒకసారి ఊరెళ్లాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. మన సెలవు సంగతి 60 గంటల ముందు కూడా తేలదు. ఇక మిగిలేది తత్కాల్. ఏసీ తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఉదయం సరిగ్గా పది గంటలకు తెరుస్తారు. మా కౌంటరు తెరిచేదీ సరిగ్గా పది గంటలకే. స్లీపర్‌కి పదకొండు అంటారు. అప్పటికి మా వరస గేటు దాకా ఉంటుంది. టికెట్ దొరికితే బల్లార్షా, కాజీపేట, ఖమ్మం, విజయవాడ మీదుగా తెనాలి. ఖమ్మంలో బండి ఆగినప్పుడల్లా ఫోను మోగుతుంది. “మా ఊరు దాటుతున్నావా అమ్మా?” అని కాబోయే అత్తయ్యగారు. పెళ్లికి ముందు దిగకూడదు కాబట్టి కిటికీలోంచి ఆ ఊరికి చెయ్యి ఊపి కూర్చుంటాను.

తర్వాత బంగారం. బంగారు రుణాలు చూసే పిల్ల కదా, నీకేం కష్టం అన్నారు. 916 అంటే 22 క్యారెట్లు అని అందరికీ తెలుసు. దానితోపాటు బీఐఎస్ గుర్తు, ఆరు అంకెలూ అక్షరాలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి. నేను షాపులో ఫోను తీసి ఒక్కో నగా చూస్తుంటే మా మేనత్త నా చెయ్యి గిల్లింది. “తెలిసిన షాపు, ఇలా అనుమానంగా చూస్తే ఏం బాగుంటుందే” అని. అత్తయ్యా, తెలిసినవాళ్లు తెచ్చిన నగలనే రోజూ గీటురాయి మీద గీసి చూస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు అన్నాను. నగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా చూసుకోవడం మన హక్కు.

నిశ్చితార్థం కార్డు సంగతి కూడా చెప్పాలి. ప్రూఫ్ వచ్చింది. వరుడి పేరు కింద ఆయన చదువు, కంపెనీ, ఊరు. వధువు దగ్గర చి.ల.సౌ. అని, పేరు. అంతే. నా చదువు, ఉద్యోగం ఏవండీ అంటే చోటు లేదన్నాడు ప్రెస్సాయన. నేనేమీ అనకముందే మా నాన్న కళ్లజోడు సర్దుకుని “ఈ రెండు నెమళ్లలో ఒకదాన్ని తీసెయ్యి బాబూ” అన్నారు. ఆ నెమలి చోట్లో నా ఉద్యోగం వచ్చింది. పోటీ పరీక్షకి రెండేళ్లు చదివాను. ఆ రెండేళ్లూ తెల్లవారుజామున కాఫీ పెట్టిచ్చింది ఆయనే, ఆయనకు గుర్తుంది.

మన పనిలో మేకర్, చెకర్ అని ఇద్దరుంటారు. పిల్లలకు అర్థమయ్యేలా చెబుతాను. ఒకరు కంప్యూటర్లో వివరాలు ఎక్కిస్తారు, వారు మేకర్. ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తారు, వారు చెకర్. ఒకే మనిషి రెండూ చేయకూడదు. పెళ్లి పనుల్లో ఈ సూత్రం తలకిందులైంది. జాకెట్ వెనక మెడ ఎంత లోతు? పిన్ని ఒప్పుకోవాలి. రిటర్న్ గిఫ్టుగా ఏమివ్వాలి? మేనత్త ఒప్పుకోవాలి. ఫొటోలు తీసేవారికి అడ్వాన్సు ఎంత? బాబాయి చూడాలి. మండపం పూల రంగు? అటువైపు వదినగారికి పంపాలి. అందరూ చెకర్లే. కనుక్కోవడం, ఫోన్లు చేయడం, ఫొటోలు పంపడం, డబ్బు కట్టడం, రసీదు దాచడం అన్నీ ఒక్కతే. ఆ ఒక్కతే పగలంతా బ్రాంచిలో ఉంటుంది.

ఇక కాగితాలు. “పేరు మార్చుకుంటావా? ఇంటిపేరు ఇప్పుడే మార్చేసుకుంటే ఒక పనైపోతుంది” అని సలహాలు. మన బ్రాంచిల్లో ఈ ప్రశ్న రోజూ వింటాం కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకోవాలన్న చట్టం ఏదీ లేదు. పాస్‌పోర్టుకూ అక్కర్లేదు. పాన్ కార్డు మీద పెళ్లైన స్త్రీకీ భర్త పేరు ఉండదు. మార్చుకోవాలనుకుంటే అది వాళ్ల ఇష్టం. అప్పుడు ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా అన్నింటిలో ఒకేలా మార్చుకోవాలి. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే తర్వాత తిరిగేది మనమే. పెళ్లి రిజిస్ట్రేషన్ మాత్రం తప్పనిసరిగా చేయించుకోండి. అన్ని మతాలవారి పెళ్లిళ్లూ నమోదు కావాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది.

నామినీ మాటా వచ్చింది. “ఇంక మీ నాన్న పేరు తీసేసి అబ్బాయి పేరు పెట్టుకో” అన్నారొకరు. ఎందుకు తీసేయాలండి? 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు, మొత్తం కలిపి నూరు కావాలి. పెళ్లయ్యాక నా ఖాతాలో అమ్మా నాన్నా ఉంటారు, ఆయనా ఉంటారు. ఒకరు లోపలికి రావాలంటే ఇంకొకరు బయటికి పోనక్కర్లేదు. మన ఉద్యోగులకు ఇంకో మాట. నామినేషన్ ఇచ్చేనాటికి కుటుంబం లేనివారికి తర్వాత కుటుంబం ఏర్పడితే, 90 రోజుల్లో కొత్తది ఇవ్వాలని గ్రాట్యుటీ నిబంధన. కొత్తగా పెళ్లైనవాళ్లు హనీమూన్ ఫొటోలతోపాటు ఆ ఫారం కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంతవరకూ నవ్వుతూ చెప్పాను. ఇక చెప్పబోయేది సెప్టెంబరు సంగతి.

ఒక శుక్రవారం సాయంత్రం క్యాష్ సరిచూస్తుండగా కళ్ల వెనక నొప్పి మొదలైంది. రాత్రికి 103 జ్వరం. మర్నాడు రక్తపరీక్షలో ఎన్ఎస్1 పాజిటివ్ వచ్చింది. డెంగీ. మొదటి నాలుగైదు రోజుల్లో ఆ పరీక్షే పనికొస్తుంది. డాక్టరుగారు పారాసిటమాల్ తప్ప ఏ నొప్పి మాత్రా వేసుకోవద్దని, ముఖ్యంగా యాస్పిరిన్, ఐబూప్రొఫెన్ వద్దని చీటీ మీద గీత గీసి మరీ రాశారు. ఇంకో మాట కూడా చెప్పారు, ఇది అందరూ గుర్తుంచుకోవాలి. డెంగీలో జ్వరం ఉన్నప్పటికంటే జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

అయిదో రోజు జ్వరం తగ్గింది. ఫోన్లన్నీ సంబరపడ్డాయి. “తగ్గిందిగా, హమ్మయ్య! ఆదివారం మండపం వాళ్లతో వీడియో కాల్ పెట్టుకుందామా?” అని పిన్ని. ఆ సాయంత్రమే కడుపునొప్పి, వాంతులు. నేను అద్దెకుంటున్న ఇంటి ఆజీ, అంటే మరాఠీలో నాయనమ్మ, డెబ్బై ఏళ్లావిడ, ఆటో పిలిచి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. ప్లేట్‌లెట్లు 41,000. నాలుగు రోజులు సెలైన్ పెట్టి, రోజుకు రెండుసార్లు రక్తం చూశారు. రక్తస్రావం లేదు కాబట్టి ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం రాలేదు. ఆ అంకె ఒక్కటే చూసి కంగారుపడవద్దని డాక్టరు చెప్పినా, మా వాట్సాప్ గ్రూపులో అది క్రికెట్ స్కోరులా తిరిగింది. బొప్పాయి ఆకు రసం తాగించారా అని ఎనిమిది మంది అడిగారు. నీళ్లు తాగుతున్నావా అని అడిగింది ఇద్దరు.

కాబోయే ఆయన హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి వచ్చారు. అమ్మానాన్నలకు ఆ మర్నాటికి గానీ టికెట్లు దొరకలేదు. ఆసుపత్రి కౌంటర్లో ఫారం ఇచ్చారు. ‘రోగితో సంబంధం’ అని ఒక గడి. ఆయన కలం పట్టుకుని అలా నిలబడిపోయారట. భర్త కాదు, అన్న కాదు, బంధువు అనడానికి ఇంకా కాలేదు. చివరికి ‘మిత్రుడు’ అని రాశారు. దగ్గరి బంధువే కావాలన్నారు. ఆజీ వెంటనే “మీ ఆజీ ఆహే” అని ఆ గడిలో తన పేరు రాయించింది. అంటే, నేను ఆవిడకు మనవరాలిని. స్పృహలోనే ఉన్నాను కాబట్టి మిగతా సంతకాలు నేనే పెట్టుకున్నాను. కానీ మంచం మీద పడుకుని ఆ గడి గురించే ఆలోచించాను. ఊరంతా మేమిద్దరం ఒకటన్నట్టే మాట్లాడుతుంది. కాగితం మీద మాత్రం మా ఇద్దరి మధ్య ఉన్నదానికి ఇంకా మాట లేదు.

బ్రాంచిలో మావాళ్లు ఎంత చేశారో చెప్పాలి. బీమా కాగితాలు పంపింది, రోజూ క్యారియర్ తెచ్చింది, నా కౌంటరు చూసుకుంది వాళ్లే. మా మేనేజరు గారు ఫోను చేసి లీవు గురించి ఒక్క మాటా ఎత్తలేదు. “తిన్నావా?” అన్నారు. అంతే.

ఇంటికొచ్చాక అసలు సమస్య మొదలైంది. చూడ్డానికొచ్చిన బంధువులావిడ నా ముఖం పరీక్షగా చూసి, “అయ్యో, పెళ్లి ఫొటోలకి నిండుగా కనిపించాలే, మార్చికల్లా ఒళ్లు చేస్తావులే” అంది. అది నవ్వి ఊరుకోవచ్చు. ఊరుకోలేనిది అత్తయ్యగారి మాట. ఆవిడ మంచి మనిషి, ఏడుస్తూనే అన్నారు. “ఊరుగాని ఊళ్లో ఒంటరిగా పడి ఉండి ఈ ఉద్యోగం ఎందుకమ్మా? రాజీనామా ఇచ్చెయ్యి. పెళ్లయ్యాక హైదరాబాదులో ఏదో ఒకటి చూసుకోవచ్చు” అని. మా అమ్మ అవునని అనలేదు, కాదనీ అనలేదు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. దోమ కుట్టింది నన్ను. శిక్ష పడబోయేది నా ఉద్యోగానికి.

డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, నిలవ నీళ్లలో పుడుతుంది. ఎండాకాలం అయిపోయినా మా పక్క వాటాలో కూలరు నీళ్లు తీయలేదు. నాగపూర్‌లో ఇంటికో కూలరు ఉంటుంది కాబట్టి చెబుతున్నాను, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వారానికోసారి కూలర్లు, పూలకుండీల పళ్లేలు ఖాళీ చేసి ఆరబెట్టండి. ఆ దోమ హైదరాబాదులోనూ ఉంది, ఖమ్మంలోనూ ఉంది, తెనాలిలోనూ ఉంది. అక్కడ కుట్టి ఉంటే ఎవరూ ఇల్లు వదిలి వెళ్లిపొమ్మని అనేవారు కాదు.

ఒక వారం మంచం మీద ఉండగా నేనొక పని చేశాను. పెళ్లి పనులన్నీ ఒక షీట్‌లో రాశాను. 43 తేలాయి. ఒక్కో పనికీ ఎదురుగా రెండు గళ్లు, ఎవరు చేస్తున్నారు, ఎవరు ఆమోదిస్తున్నారు అని. చేసేవారి గడిలో 36 చోట్ల నా పేరే. దాన్ని కాబోయే ఆయనకు పంపాను, వేరే ఏమీ రాయలేదు. గంట తర్వాత ఫోను వచ్చింది. “ఇన్ని ఉన్నాయని నాకు తెలీదు” అన్నారు. చెప్పినవాళ్లు లేరు, అడగాలని తోచలేదు. మన ఇళ్లలో పెళ్లికొడుక్కి అప్పజెప్పే పని సూటు కొలతలివ్వడమే కదా. ఆయన ఆ రాత్రే 17 పనుల్లో నా పేరు తీసి తన పేరు రాసుకున్నారు. ఫొటోగ్రాఫరు, మండపం, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ల బస్సు, ఖమ్మం వైపు పంపకాలు. ఆ పనులకు నేను చెకర్‌ని. చాలా హాయిగా ఉందండి చెకర్ ఉద్యోగం.

రాజీనామా సంగతి మాత్రం నేనే మాట్లాడాలనుకున్నాను. రెండు ఇళ్లవాళ్లూ ఉన్న కాల్‌లో చెప్పాను. పెళ్లైన మహిళా ఉద్యోగులను వీలైనంత వరకు భర్త ఉన్నచోట, పెళ్లికానివారిని తల్లిదండ్రులకు దగ్గరగా వేయాలని 2014లో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ రంగ బ్యాంకులకు సూచించింది. పెళ్లయ్యాక, సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజున దరఖాస్తు పెడతాను. వస్తే వెళ్తాను. ఆలస్యమైతే ఆగుతాను. అప్పటిదాకా నాగపూర్‌లోనే ఉంటాను. నాకు బాగా లేనప్పుడు ఇక్కడ నన్ను చూసుకున్నవాళ్లున్నారు. ఇది ఊరుగాని ఊరు కాదు. ఇంతే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాన్న, “అది చెప్పింది సరిగ్గానే ఉంది వదినగారూ” అన్నారు.

అత్తయ్యగారు పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను. కానీ ఇదివరకు “ఎప్పుడు మానేస్తావు?” అనేవారు, ఇప్పుడు “ట్రాన్స్‌ఫర్ ఎన్నాళ్లకొస్తుంది?” అంటున్నారు. ఆవిడ భయం నా మీద ప్రేమతో పుట్టినదే. ఆ ప్రేమ నాకు కావాలి. ఉద్యోగమూ కావాలి.

చివరగా మూడు చిన్న మనవులు. ఇంట్లో పెళ్లి కుదిరిన ఆడపిల్ల ఉంటే, ఫోను ఎత్తగానే చీరల గురించి కాకుండా, తిన్నావా, నిద్రపోతున్నావా అని అడగండి. పెళ్లి కుదిరిన అబ్బాయి ఉంటే వాడికి కనీసం పది పనులు అప్పజెప్పండి. చేయడం రాకపోతే నేర్చుకుంటాడు. కాపురంలో ఎలాగూ నేర్చుకోవాల్సినవే. మూడోది మన బ్రాంచిల్లో ఒంటరిగా ఉండే పిల్లల కోసం. దగ్గర్లో ఉన్న ఒకరి పేరు, ఫోను నంబరు అత్యవసరానికి రాసిపెట్టండి. ఆ పేరు పక్కింటి ఆజీదైనా ఫరవాలేదు.

మార్చి మొదటి వారంలో పెళ్లి. పెళ్లి శుభలేఖలో నెమళ్లు ఉండవు, నా ఉద్యోగం ఉంటుంది. క్లోజింగ్ పనులు మానుకుని అందరూ రండి అనలేను. వీలైనవారు రండి. రాలేనివారు ఆ నాలుగు రోజులూ నా కౌంటరు చూసుకోండి, దాన్నే పెళ్లి కానుకగా తీసుకుంటాను.